రత్నాలు నేర్చుకున్న ఇంగ్లీషు

అరకు సంత వీధిలో రత్నాలుతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు. గెలిచామనుకుని మురిసిపోతూ వెళ్లినవాళ్లు మాత్రం బోలెడుమంది. శుక్రవారం పొద్దున్నే కొండల మీంచి దిగే ఆడవాళ్లు అల్లం, పసుపు, రాజ్మా గింజలు, కొండచీపుర్లు తెచ్చి ముందు ఆవిడ కొట్టు అరుగు మీదే దించేవారు. వాళ్లతో ఆవిడ వాళ్ల ఆదివాసీ ఒరియాలోనే మాట్లాడేది, వాళ్లలాగే సాగదీసి, వాళ్లలాగే నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వి.

పెళ్లయి, ఎస్.కోట వైపు నుంచి ఘాట్ రోడ్డు పొడుగునా వాంతులు చేసుకుంటూ ఈ కొండెక్కిన రోజున ఆవిడకి ఆ భాషలో ఒక్క ముక్క రాదు. కూర్చోబెట్టి నేర్పినవాళ్లూ లేరు. అల్లం కొమ్ము చేత్తో పట్టుకుని ఎదుటామె మొహంకేసి చూసేది. ఆమె దాని పేరు చెప్పేది. ఈవిడ అదే మాట తిప్పి అనేది. తప్పుగా అంటే ఇద్దరూ నవ్వుకునేవారు. అలా అల్లం, పసుపు, గంప, వాన, పిల్ల, జ్వరం అన్నీ వచ్చేశాయి. వస్తువు చేతిలో ఉంటే మాట దానంతటదే వస్తుందని ఆవిడ నమ్మకం. సంతలో బతికినవాళ్లందరికీ ఉండే నమ్మకం ఇంకోటుంది. నోట్లోంచి వచ్చిందే మాట. అన్నావా, అన్నట్టే. అందుకు కాగితం అక్కర్లేదు, సాక్షి అక్కర్లేదు. ఈ రెండు నమ్మకాలతోనే ఆవిడ ముప్పయ్యేళ్లు కొట్టు నడిపింది. చివరికి ఆ రెండూ ఆవిణ్ణి ముంచుతాయని ఎవరనుకున్నారు!

మొగుడు జగన్నాథరావు మరో రకం మనిషి. కొట్టు ఆయన పేరునే ఉంది గానీ ఆయన ధ్యాసంతా ఇంగ్లీషు మీద. కుర్రతనంలో కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పాలనుకున్నాడు. తండ్రి హఠాత్తుగా పోయాడు, ఆయన కొండ మీద పెట్టిన కొట్టు మెడకి చుట్టుకుంది. చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. ఇంగ్లీషు మాత్రం ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదల్లేదు. అట్టలూడిపోయిన నిఘంటువొకటి పప్పుల డబ్బాల మధ్య పెట్టుకుని చదివేవాడు. కొట్టు ముందు నల్లబల్ల ఒకటి వేలాడదీసి, పొద్దున్నే దాని మీద కష్టమైన మాటొకటి రాసేవాడు. మాట, దాన్నెలా పలకాలో తెలుగు అక్షరాల్లో, దాని అర్థం, దాంతో ఒక వాక్యం. హాస్టల్ పిల్లలు బడికెళ్తూ ఆగి చదివేవారు. ఆ మాటతో సొంతంగా వాక్యం చెప్పినవాళ్లకి పిప్పరమెంటు బిళ్ల.

ఇంట్లోనూ అదే గోల. పప్పు మాడితే కొంప మునిగినట్టు "కెలామిటీ!" అనేవాడు. కరెంటు పోతే "ఇనెవిటబుల్" అని నిట్టూర్చేవాడు. ఉప్పు చిటికెడు తగ్గించి వేస్తే, "ఫ్రూగల్ రత్నం, ఫ్రూగల్!" అని నవ్వేవాడు. రత్నాలుకి ఒళ్లు మండిపోయేది.

"ఆ మాటల్తోటి కేజీ ఉప్పు అమ్ముడవుద్దా?" అనేది.

"రోజుకో మాట నేర్చుకోవే. మెదడుకి తుప్పట్టకుండా ఉంటాది."

"నా మెదడు శుబ్బరంగానే ఉంది. ముందు ఆ బెల్లం దిమ్మ లోపల పెట్టండి, సీమలట్టీసినాయి."

అంతే. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయన దగ్గర ఆవిడ ఒక్క మాట నేర్చుకోలేదు. ఆయనా ఆవిణ్ణి ఒక్క మంచి మాట అనలేదు. అనకూడదనేం కాదు, ఆ అలవాటు లేదు.

పోయిన ఏడాది వానలు వెనకబట్టాక, ఒక సంతరోజున పసుపు తూస్తూ తూస్తూ జగన్నాథరావు బస్తాల మీదికి ఒరిగిపోయాడు. జీపులో ఘాట్ దింపి విశాఖపట్నం తీసుకెళ్లారు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. ఎడం చేత్తో రాయిద్దామని చూస్తే పిచ్చిగీతలు తప్ప అక్షరం రాలేదు. ఉన్న ఒక్క కూతురు కొన్నాళ్లుండి, తన పిల్లలున్నారు కాబట్టి ఏడ్చుకుంటూ వెళ్లింది. రత్నాలు ఆయన మంచాన్ని కొట్టు వెనక గదిలోకి, గుమ్మంలోంచి తనకి కనబడేలా జరిపించుకుంది.

వారాలు గడిచాక ఒకరోజు పొద్దున్న ఆయనకి జావ పోస్తోంటే, నోరు మెదిపి స్పష్టంగా అన్నాడు.

"ఇనెవిటబుల్."

ఆవిడ చేతిలో గ్లాసు జారిపోయింది. "మాటొచ్చింది! ఓలమ్మో, మాటొచ్చింది!" అని వీధిలోకి పరిగెత్తింది. జనం పోగయ్యారు. వచ్చింది ఇంగ్లీషని తెలిసి కొందరు నోళ్లు తెరిచారు. వెనకటి తెల్లదొర దెయ్యమేదో పట్టింది, మంత్రాలేసే దిసారిని పిలిచి కోడిని కోయించమని కూరల మంగ్లు సలహా ఇచ్చాడు. రత్నాలు వాణ్ణి కసిరి పంపేసింది. దొరేమిటి, దెయ్యమేమిటి! తన మొగుడు తనతో మాట్లాడుతున్నాడు. ఆ భాష తనకి రాదు, అంతే కదా? ఒరియా రాలేదా? ఇదీ వస్తుంది.

అప్పట్నుంచీ ఆవిడకి ఇంకో కోరిక లేదు. ఆయనేం చెబుతున్నాడో తనకి తెలియాలి, అది చాలు.

పెరటి వైపు గదిలో భానుశ్రీ అని ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరు అద్దెకుండేది. రత్నాలు ఆ సాయంత్రమే ఆమె తలుపు కొట్టింది.

"అమ్మా, ఆయన 'ఇనెవిటబుల్' అన్నాడు. అంటే ఏటి?"

"తప్పనిది, తప్పించుకోలేనిది అని ఆంటీ."

"ఏటి తప్పనిది?"

"అంటే... ఏదైనా. వాన రావడం, ముసలితనం, అలాంటివి."

"సావా?"

జవాబు కోసం ఆగకుండానే రత్నాలు తల పంకించి వచ్చేసింది. ఆ పూటంతా ఆయన మంచం పక్కనే కూర్చుని, "ఏం కాదండీ మీకు. నానున్నాను కదా, ఏం కాదు" అంటూనే ఉంది. ఆయన ఆవిడకేసి గుడ్లప్పగించి చూశాడు.

రోజులు గడిచేకొద్దీ ఆయన నోట్లోంచి మాటలు పెరిగాయి. ఒక్కటీ తెలుగు కాదు, ఒక్కటీ తేలికైంది కాదు. బల్ల మీద ఏళ్ల తరబడి రాసినవే. నీళ్లు, అన్నం, నొప్పి, రత్నం అన్న మాటలు మాత్రం రాలేదు. రత్నాలు భానుశ్రీ వెంట పడింది. బడికెళ్లే ముందొకటి, వచ్చాకొకటి. అర్థం ఒక్కటే చెప్తే వదిలేది కాదు. ఎక్కడ వాడతారు, ఎవరితో అంటారు, కోపంగా అంటారా, ముద్దుగా అంటారా, అన్నీ కావాలి. ఫోన్లో నిఘంటువు పెట్టుకుని, అందులో ఆడగొంతు పలికినట్టే పలికేది. నాలుక తిరక్కపోతే తనని తనే తిట్టుకునేది.

"'రిలక్టెంట్' అంటే ఇష్టం లేకుండా, వెనకాడుతూ అని ఆంటీ."

"సోమారం పొద్దున్న నువ్వు బడికి కదిలినట్టా?"

భానుశ్రీకి నవ్వాగలేదు. "అచ్చం అలాగే."

ఆ పద్ధతిలో చాలా మాటలు పట్టేసింది. పట్టలేనివి పట్టలేకపోయింది. అల్లమైతే చేతిలో పట్టుకోవచ్చు. తప్పనిదాన్ని, తాత్కాలికమైనదాన్ని, అస్పష్టమైనదాన్ని ఏ చేత్తో పట్టుకోను అని విసుక్కునేది. ఐనా మానలేదు. ఆయనన్న ప్రతి మాటకీ అర్థం తెలుసుకుని, ఆ అర్థం ప్రకారం నడుచుకునేది. అన్నది మొగుడు కదా! అన్నాడంటే అన్నట్టే.

ఆయన "ఫ్రూగల్" అన్నాడు. పొదుపని తెలిసింది. రోగానికి ఖర్చు ఎక్కువవుతోందని బాధపడుతున్నాడనుకుని, ఆవిడ ఆయనకి రెండు పూటలా ఇచ్చే పాలు ఒక పూటకి తగ్గించి, "మీరన్నట్టే సేత్తన్నాను, సూడండి" అని చూపించింది. ఆయన ఎడం చేత్తో గ్లాసు విసిరికొట్టాడు. మంచి కోసం చేసినా కోపమేమిటో ఆవిడకి బోధపడలేదు. మర్నాటి నుంచి మళ్లీ రెండు పూటలూ ఇచ్చింది.

తర్వాత "నోస్టాల్జియా" పట్టుకున్నాడు. కిటికీలోంచి చూస్తూ అదే మాట పది రోజులు. పుట్టిపెరిగిన చోటు మీద, పోయిన రోజుల మీద బెంగ అని భానుశ్రీ చెప్పగానే రత్నాలు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఊరి మీద బెంగెట్టుకున్నారమ్మా. నాకెంతసేపటికీ తట్టలేదు, సూడు నా బుద్ది!"

కొట్టు కట్టేసి, ఇద్దరు మనుషుల సాయంతో ఆయన్ని కిరండూల్ రైలెక్కించింది. సొరంగాలన్నీ దాటి ఎస్.కోటలో దింపి, ఆటోలో ఆయన సొంతూరు తీసుకెళ్లింది. ఆయన పుట్టిన ఇంట్లో ఇప్పుడెవరో ఉంటున్నారు. పాపం, మంచివాళ్లే, కుర్చీ వేశారు, మజ్జిగిచ్చారు. చిన్నప్పటి స్నేహితుడొకాయన వచ్చి చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్పాడు. జగన్నాథరావు ఎటూ చూడలేదు. ఎండకి మొహం కందిపోయి, తల వాల్చేసి, "నోస్టాల్జియా, నోస్టాల్జియా" అని గొణుగుతూనే ఉన్నాడు. సొంతూళ్లో కూర్చున్నా ఇంకా ఊరి మీద బెంగేమిటో ఆవిడకి తెలియలేదు. తిరిగొచ్చాక జ్వరం తగిలి మంచానికి అతుక్కుపోయాడు. ఒళ్లు తుడుస్తుంటే కనబడింది, వీపు కింద నవారు పట్టీ ఒరుసుకుని పుండు పడింది. పది రోజులుగా ఆయన చెబుతున్నది అదేనేమో అని అనుమానం వచ్చింది గానీ, ఆవిడ దాన్ని గభాల్న తోసేసింది. అదే నిజమైతే తను నేర్చుకున్నదంతా ఏం కావాలి?

ఆ జ్వరం తగ్గాక వచ్చింది కొత్త మాట. ఆవిడ ఆయన తల దువ్వుతోంటే, ఆవిడ మొహంలోకి చూస్తూ, చెయ్యి గట్టిగా పట్టుకుని అన్నాడు.

"మాగ్నానిమస్."

ఎప్పట్లాగే వెళ్లి అడిగింది. ఈసారి భానుశ్రీ అర్థం చెప్పే ముందే నవ్వింది.

"పెద్ద మనసు గలదానివి అని ఆంటీ! తనని బాధపెట్టినవాళ్లని కూడా క్షమించి, మంచి చేసే మనిషిని అలా అంటారు."

రత్నాలు గుమ్మంలోనే చతికిలబడిపోయింది. "నన్నే?"

"ఇంకెవరినంటారు? మీ చెయ్యి పట్టుకునే కదా అన్నారు!"

చెప్తే నమ్మరు గానీ, ఆ వారం ఆవిడ నడకే మారిపోయింది. ఫోన్లో ఆ మాటని వందసార్లు పలికించుకుంది. సంతలో అల్లం తెచ్చిన సోనికి ఒరియాలో చెప్పింది, బస్సు దిగినవాళ్లకి తెలుగులో చెప్పింది. బేరాల్లో కూడా మెత్తబడింది. దుమ్ము పట్టిన నల్లబల్ల తుడిపించి, దాని మీద భానుశ్రీ చేత రాయించింది: "రత్నాలు ఈజ్ మాగ్నానిమస్." దారినపోయే హాస్టల్ పిల్లలు పైకి చదువుతోంటే, గల్లాపెట్టె దగ్గర తలొంచుకుని ముసిముసిగా నవ్వుకునేది. ముప్పయ్యేళ్లకి అన్నాడు. ఇంగ్లీషులో అంటేనేం, అన్నాడా లేదా?

నెలాఖరున విశాఖపట్నం ఆసుపత్రిలో చూపించుకోవాల్సి వచ్చింది. ఈసారి మాటలకి వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. సెలవు పెట్టి భానుశ్రీ కూడా తోడొచ్చింది. రత్నాలు లోపలికి వెళ్తూనే మొదలెట్టింది.

"మా ఆయనకి మాటొచ్చీసిందమ్మా. ఇంగ్లీషే వస్తంది. అన్నీ నాకు తెలుస్తన్నాయి, నేర్సుకున్నాను."

డాక్టరమ్మ మంచి మనిషి. నవ్వి, ఆయన ముందు బొమ్మలున్న అట్టముక్కలు పెట్టింది. చెంచా బొమ్మ చూపించి ఇదేమిటని అడిగింది.

"మాగ్నానిమస్" అన్నాడు ఆయన.

"తిన్నగా సెప్పండి!" అని రత్నాలు పక్కనుంచి తొందరపెట్టింది.

గొడుగు బొమ్మ. "మాగ్నానిమస్." ఆవు బొమ్మ. "మాగ్నానిమస్." నాలుగోది చూపించినప్పుడు జగన్నాథరావు పెదాలు వణికాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏదో వేరే మాట కోసం పెనుగులాడుతున్నాడని గుడ్డివాళ్లకైనా తెలుస్తుంది. వచ్చింది మాత్రం అదే.

రత్నాలు చెయ్యి ఆయన భుజం మీంచి మెల్లగా జారిపోయింది. డాక్టరమ్మ అట్టముక్కలు పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పింది.

"ఆయనకి మనం చెప్పేది కొంత అర్థమవుతుందమ్మా. చెప్పాలనుకునేది మనసులో ఉంటుంది. కానీ దానికి తగిన మాట దొరకదు. ఏళ్ల తరబడి నోట్లో నలిగిన మాటేదో తోసుకొచ్చేస్తుంది. కొన్నాళ్లు ఒకటి, కొన్నాళ్లు ఇంకోటి. ఆ మాట అర్థానికీ, ఆయన మనసులో ఉన్నదానికీ సంబంధం ఉండదు."

"ఒక్కదానికీనా?"

"ఉండదమ్మా."

"మరి తలూపుతారు కదా? అదైనా?"

"దాన్నీ నమ్మలేం. ఒక్కోసారి అవునన్నదానికి కాదన్నట్టు ఊపుతారు. కష్టమే. ఊరికే ప్రశ్నలేసి ఆయన్ని గాభరా పెట్టకండి, రక్తపోటు పెరిగితే ప్రమాదం."

ఇంటికి రాగానే రత్నాలు కొట్టు ముందుకెళ్లి, నల్లబల్ల మీదున్న తన పేరుని కొంగుతో తుడిచేసింది. తుడిచాక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన మాట పోయినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదు.

"నాను పాలు తగ్గించినానమ్మా" అంది భానుశ్రీతో. "ఈపు పుండైపోతే ఊరికి తీసుకెల్లి ఎండలో కూకోబెట్టినాను. ఆయనేటో సెప్పుకున్నారు, నానేటో సేసినాను. సచ్చినా తెలీదు కదమ్మా ఇంక నాకు!"

అర్థాలు చెప్పింది తనే కదా అని భానుశ్రీ లోలోపల కుమిలిపోయింది. ఆ రాత్రి రత్నాలు అన్నం పంపిస్తే ముట్టలేదట.

ఆ తర్వాత రత్నాలు ఒక్క మాటకీ అర్థం అడగలేదు. నేర్చుకున్నవి మాత్రం పోలేదు. ఉప్పు తూస్తుంటే "రిలక్టెంట్", చింతపండు కడుతుంటే "ఫ్రూగల్" అని బుర్రలో తిరుగుతూనే ఉండేవి. ఏం చేసుకోను వీటిని అని తల బాదుకునేది. ఆయన నోటికొచ్చిన మాటతో పిలిస్తే వెళ్లేది. నీళ్లు, బట్టలు, మందు, దుప్పటి, పక్కకి తిప్పడం అన్నీ వరసగా చేసి చూసేది. ఏదో ఒకటి తగిలితే ఆయన ఊరుకునేవాడు. తగలకపోతే అలిసిపోయి ఊరుకునేవాడు.

మాఘం వెళ్లాక, ఒక మధ్యాహ్నం కొట్టులో ఎవరూ లేరు. జగన్నాథరావు పిలిచాడు. ఆవిడ వెళ్లి మంచం పట్టె మీద కూర్చుంది. ఆయన ఎడం చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"మాగ్నానిమస్?"

ఈసారి గొంతు చివర పైకి లేచింది. అడుగుతున్నాడు. అడిగే గొంతు ఆవిడకి తెలుసు, ఏ భాషలోనైనా తెలుసు. సంతలో బతికినావిడ కదా. ఆవిడ నీళ్లిచ్చింది, తోసేశాడు. పక్కకి తిప్పి వీపు చూసింది, పుండు మానిపోయింది. దుప్పటి కప్పింది, తీసేశాడు.

"అమ్మాయికి ఫోన్ సెయ్యాలా? కొట్టు గురించా? ఆకలా? ఏటండీ, ఏటి?"

"మాగ్నానిమస్? మాగ్... మాగ్నానిమస్?"

ఆవిడ మొహంలోంచి చూపు తిప్పడం లేదు. కన్నీళ్లు చెవుల్లోకి కారిపోతున్నాయి. నుదుట చెమట, మెడ నరాలు ఉబికాయి, ఊపిరి ఎగశ్వాసలా వస్తోంది. గాభరా పెట్టొద్దని డాక్టరమ్మ అన్నది రత్నాలుకి గుర్తొచ్చింది. ఏదో ఒక జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ మనిషి ఇప్పుడే దక్కడు. ఏమిటో తెలియనిదానికి ఏం చెప్తుంది? ఐనా అవునన్నది ఎవరికైనా హాయిగా ఉండే మాట కదా అని, ఆయన చెంపలు తుడుస్తూ, తల గట్టిగా ఊపుతూ అనేసింది.

"అవునండీ. అవును, అవును."

జగన్నాథరావు ఆగిపోయాడు. ఊపిరి నెమ్మదించింది. అమ్మయ్య అనుకుంది ఆవిడ. ఆయన ఆవిణ్ణి కాసేపు అలాగే చూశాడు. తర్వాత తన చేతిని ఆవిడ చేతిలోంచి మెల్లగా లాక్కుని, పడిపోని ఆ ఒక్క పక్క బలంతోనే ఒళ్లంతా ఈడ్చుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రత్నాలుకి అప్పుడు తట్టింది. ఏమడిగాడు? నేను నీకు బరువైపోయానా అన్నాడా? నేనింక పోతే నీకు నయమా అన్నాడా? దానికా తను అంత గట్టిగా తలూపి అవునంది?

"కాదండీ!" అంది ఆయన వీపు పట్టుకుని. "కాదు, కాదు, నాను అలా అన్లేదు. ఇటు తిరగండి. అదేటైనా సరే కాదండీ, ఇటు సూడండి!"

ఆయన తిరగలేదు. కొట్టులో ఎవరో "సావుకారమ్మా, ఉప్పు" అని పిలుస్తున్నారు. ఆవిడకి తెలుగొచ్చు, ఒరియా వచ్చు, నిఘంటువులో సగం ఇంగ్లీషు ఇప్పుడొచ్చు. అందులో ఏ మాట అంటే ఆయన ఇటు తిరుగుతాడో తెలియక, ఆ వీపు మీద చెయ్యి వేసి, వచ్చిన మాటలన్నీ ఒకదాని తర్వాత ఒకటి అంటూ కూర్చుంది.